బోల్తా మాష్టారి గురువారాలు

బోల్తా మాష్టారు మన భుజం మీద చెయ్యి వేసినప్పుడు అది ఆప్యాయతా, లేక ఎంత తోస్తే పడతామో చూసుకోవడమా? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదు. చెయ్యి మెత్తగానే ఉండేది. నవ్వూ నిజమైనదే. కానీ ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మనల్ని పక్కకి సుతారంగా ఒత్తి వదిలేది. మనం కాస్త ఊగి, సర్దుకుని నిలబడేవాళ్లం. ఆయన తృప్తిగా తలాడించి, "బావున్నారా?" అని అప్పుడు అడిగేవారు. బావున్నామో లేదో అప్పటికే ఆయనకి తెలిసిపోయి ఉండేది.

లోకంలో ఏ వస్తువు కనిపించినా ఆయనకి పుట్టే సందేహం ఒక్కటే: ఇది ఎప్పుడు పడుతుంది? టీ కప్పు ఇస్తే ముందు వేలితో అంచుని నొక్కి చూసి ఆ తర్వాత తాగేవారు. ఎవరింటికైనా వెళితే కూర్చునే లోపల బీరువాని ఒకసారి, పూలకుండీని ఒకసారి, నిచ్చెన ఉంటే నిచ్చెనని రెండుసార్లు తోసి చూసేవారు. జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడుకోబెడితే, సెలైన్ సీసా వేలాడదీసిన స్టాండుని పడుకునే పరీక్షించి నర్సు చేత చివాట్లు తిన్నారు. "కాళ్లు ఇంకో రెండంగుళాలు ఎడంగా ఉండాలమ్మా" అన్నారట. "ముందు మీరు కాళ్లు చాపుకుని పడుకోండి" అందట ఆ నర్సు.

పొట్టిగా, బొద్దుగా ఉన్నవాళ్లు కనిపిస్తే ఆయన మొహం వెలిగిపోయేది. ఆయన పనిచేసే చోట గేటు కాపలాదారు అచ్చం అలాంటివాడే. "నిన్ను పడగొట్టాలంటే క్రేను కావాలయ్యా!" అనేవారు రోజూ లోపలికి వస్తూ. ఇది పొగడ్తో కాదో తేల్చుకోలేక ఆ కాపలాదారు కొన్నాళ్లు ఆలోచించి, చివరికి అన్నం తగ్గించాడు. నాలుగు కిలోలు తగ్గి గేటు దగ్గర నిలబడితే మాష్టారు దిగాలుపడిపోయి, "ఒంట్లో బాలేదా నాయనా?" అని అడిగారు.

ఆయన భార్య ఆయనకన్నా జానెడు పొడుగు. "పొడుగువాళ్లు తొందరగా ఒరుగుతారని తెలిసీ నన్ను చేసుకున్నారు. ఇంతకన్నా ప్రేమ ఏం కావాలి?" అనేదావిడ, గోడకి మేకులు కొట్టి బిగించిన అద్దం ముందు తల దువ్వుకుంటూ.

ఆయన ఉద్యోగమూ అదే. వాహనాల పరీక్షా కేంద్రంలో స్థిరత్వ విభాగం. విభాగం అంటే ఆయనా, ఒక రేకుల షెడ్డూ, పక్కకి వంగే పెద్ద ఇనప వేదికా. బండిని ఆ వేదికెక్కించి, గొలుసులు వదులుగా కట్టి, మెల్లగా ఒక పక్కకి వంచుతారు. పైపక్క చక్రాలు ఎప్పుడు గాల్లోకి లేస్తాయో చూసి రాసుకుంటారు. ఎదురుగా ఖాళీ మైదానంలో, బండ్లకి రెండు పక్కలా పడకుండా ఆపే ఇనప కాళ్లు తగిలించి, వేగంగా నడుపుతూ ఉన్నట్టుండి మలుపు తిప్పిస్తారు. కొత్త డ్రైవర్లకి పాఠాలూ ఆయనే చెప్పేవారు కాబట్టి మాష్టారు. మిగతా సగం పేరు డ్రైవర్లు పెట్టింది.

"ఇన్నేళ్లలో ఎన్ని బండ్లు బోల్తాపడగా చూశారు మాష్టారూ?" అని ఎవరో కుర్ర ఇంజనీరు అడిగితే, "ఒక్కటీ చూళ్లేదు" అన్నారు. ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది. "అదేమిటయ్యా, దంతవైద్యుడి పళ్లు ఊడలేదని బాధపడతావా?" అన్నారు మాష్టారు.

లైబ్రేరియన్ ఆయన్ని కలిసింది తన బండి కోసం.

దాని ఒంటి మీద 'సంచార గ్రంథాలయం' అని పెద్దక్షరాలుండేవి గానీ, అందరూ పుస్తకాల బండి అనేవాళ్లు. వారంలో నాలుగు రోజులు కింది ఊళ్లలో తిరిగేది. గురువారం మాత్రం కొండ మీదికి. ఏడు చోట్ల ఆగేది. రాళ్ల క్వారీ పనివాళ్ల ఇళ్లు, చిన్న ఆస్పత్రి, బడి, అన్నిటికన్నా పైన వాతావరణ కేంద్రం. మొత్తం రెండువందల పన్నెండు మంది పాఠకులు. వారానికి ఒక్కసారే బండి వస్తుంది కాబట్టి అక్కడివాళ్లు లావుపాటి నవలలే తీసుకునేవాళ్లు. సన్నపు పుస్తకం ఇస్తే, "ఇది ఆదివారం దాకా కూడా రాదమ్మా" అని వెనక్కిచ్చేవాళ్లు.

లైబ్రేరియన్ మితభాషి. మనుషులతో కన్నా పుస్తకాలతో ఆమెకి చనువెక్కువ. ఏ పుస్తకం ఎక్కడుండాలో అక్కడే ఉండాలన్నది ఆమె పట్టుదల. వంట పక్కన వైద్యం ఉంటే సహించేది. ఖగోళశాస్త్రం పక్కన కుట్లూ అల్లికలూ ఉంటే ఆ రోజు భోజనం సయించేది కాదు.

ఒకనాడు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. బండి ఎత్తు ఎక్కువ, కొండ దారి మలుపులు ఎక్కువ, కాబట్టి నెలాఖరులోగా స్థిరత్వ పరీక్ష నెగ్గకపోతే గురువారం దారి రద్దు. ఆమె ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. రెండువందల పన్నెండు మంది మొహాలూ గుర్తొచ్చాయి. బండినీ, బండి నడిపే డ్రైవర్ బాబాయినీ వెంటబెట్టుకుని మర్నాడే రేకుల షెడ్డుకి వెళ్లింది.

మాష్టారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో పక్కన తోశారు. బండి కాసేపు ఊగింది.

"దీని కప్పు ఎవరు పెంచారు?"

"బాడీ కట్టినవాళ్లండీ. లోపల నిలబడితే తల తగలకూడదని" అంది లైబ్రేరియన్.

"ఎవరి తల?"

"నాదేనండీ" అన్నాడు డ్రైవర్ బాబాయి, గొప్పగా. అతను తాటిచెట్టులా ఉండేవాడు. మాష్టారు అతన్ని పాదాల నుంచి పైదాకా చూసి, ఏదో అనబోయి మర్యాదకి ఊరుకున్నారు.

తర్వాత సీటు కింద తల దూర్చి, దుమ్ము పట్టిన ఒక పెట్టెని బయటికి లాగారు. దాని వైర్లు ఊడి వేలాడుతున్నాయి. "ఇదెవరు పీకారు?"

డ్రైవర్ బాబాయి ఆకాశం వైపు చూశాడు. "జారుతున్న కారు బొమ్మ దీపం ఒకటి మాటిమాటికీ వెలుగుతుంటేనూ... ముప్పై ఏళ్లుగా నడుపుతున్నా, ఒక్క గీత పడనివ్వలేదు. నాకు దీపం పాఠం చెప్పడమేమిటని..."

"దీపం కాదయ్యా చెప్పేది. ఇటు రా." మాష్టారు బూడిదరంగు పెట్టెని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. "నువ్వు స్టీరింగ్ ఎటు తిప్పావో ఇది చూస్తుంది. బండి నిజంగా ఎటు తిరుగుతోందో, ఎంత ఒరుగుతోందో అదీ చూస్తుంది. రెండింటికీ పొత్తు కుదరలేదనుకో, నువ్వు అబ్బా అనేలోపల ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది. ఇంజను జోరు తగ్గిస్తుంది."

"ఒక్క చక్రానికా! నా కాలికి అది చేతకాదే."

"అందుకే దీన్ని పెట్టారు."

"అయితే ఇంక బండి పడదన్నమాట" అంది లైబ్రేరియన్ ఆశగా.

"ఇది మంత్రగాడు కాదమ్మా. నెత్తి మీద బరువు పెట్టుకుని నన్ను కాపాడు అంటే దీనికీ ఒక హద్దుంది. పైగా దీనికి పాత ఎత్తే తెలుసు. కొత్త ఒళ్లు నేర్పించాలి."

నేర్పించడానికి మూడు రోజులు పట్టింది. బండికి ఇనప కాళ్లు తగిలించి, డ్రైవర్ బాబాయిని పక్కన కూర్చోబెట్టి, మైదానంలో మాష్టారే గిర్రున తిప్పారు. మూడో రోజు సాయంత్రం డ్రైవర్ బాబాయి దిగి, నేలని చేత్తో తడిమి చూసుకుని, "బండికి నేర్పించారో లేదో గానీ నాకు బాగా వచ్చింది" అన్నాడు.

అయినా వేదిక మీద బండి పరీక్ష తప్పింది. వంచుతూ ఉండగానే, చాలా ముందే పైచక్రాలు లేచాయి. మాష్టారు లోపలికెక్కి అరలు చూశారు. పైఅరలో పన్నెండు సంపుటాల విజ్ఞాన సర్వస్వం, పక్కన నిఘంటువులు, అట్లాసులు. కింది అరలో పిల్లల కథలు, నవలలు.

"ఈ దుంగలన్నీ పైన పెట్టావేం తల్లీ?"

దుంగలన్న మాటకి ఆమె మొహం ఎర్రబడింది. "వాటిని ఎవరూ తీసుకోరండీ. అడిగేవాటిని చేతికందేలా పెట్టాలి కదా."

"అడగనివి కిందే ఉండొచ్చుగా?"

ఆ మధ్యాహ్నమంతా ఆయన ఒక స్ప్రింగు త్రాసు పట్టుకుని పుస్తకాలన్నీ తూచారు. బరువైనవి కిందికి, తేలికైనవి పైకి. సాయంత్రానికి అట్లాసు పక్కన పశువైద్యం, దాని పక్కన సంగీతం, దాని మీద వంద రకాల ఊరగాయలు చేరాయి. కవిత్వమంతా పైఅరకి పోయింది. "కవులు తేలిక మనుషులమ్మా. పైనుంటేనే అందరికీ క్షేమం" అన్నారు మాష్టారు, చేతులు దులుపుకుంటూ. తన ఇంట్లో ఎవరో దొంగలు పడి, ఏమీ ఎత్తుకుపోకుండా అన్నీ సర్ది వెళ్లినట్టుంది లైబ్రేరియన్‌కి.

బండి నెగ్గింది. చిటికెడు తేడాతో.

సంతకం పెడుతూ మాష్టారు, "పుస్తకాలు ఇలాగే ఉండాలి" అన్నారు.

"అలాగేనండీ" అంది లైబ్రేరియన్.

బుధవారం రాత్రి భోజనం సయించలేదు. గురువారం తెల్లారి, డ్రైవర్ బాబాయి రాకముందే బండి ఎక్కి, పుస్తకాలన్నీ మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేసింది. పెట్టె ఉంది కదా, అది చూసుకుంటుంది, అనుకుంది. విజ్ఞాన సర్వస్వం పన్నెండు సంపుటాలూ వరసగా పైఅరలో నిలబడితే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

ఆ గురువారమే, చివరి మజిలీ వాతావరణ కేంద్రం దగ్గర, బస్సు దిగి బోల్తా మాష్టారు వచ్చారు. లైబ్రేరియన్ గబుక్కున అరలకి అడ్డంగా నిలబడింది. ఆయన అరలకేసి ఒక్కసారి చూశారు. జేబులోంచి త్రాసు తీసి, "రెండున్నర కిలోలకి పైన ఏమున్నాయమ్మా?" అన్నారు.

"ఏ విషయం మీదండీ?"

"పైఅర మీద."

ఆరు సంపుటాలు తూచి, సంచిలో వేసుకుని, మళ్లీ బస్సెక్కి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్న కింద లైబ్రరీ డిపోలో ఆరూ తిరిగిచ్చేశారు. మరుసటి గురువారం మళ్లీ ఆరు. ఆ మర్నాడు మళ్లీ వాపసు.

మొదట్లో ఆయన గమనించలేదనుకుని ఊపిరి పీల్చుకుంది. తర్వాత మురిసిపోయింది కూడా. ఈ వయసులో ఎంత జిజ్ఞాస! మూడో వారం అనుమానం వచ్చింది. సంపుటాల పేజీల మధ్య సన్నటి కాగితపు ముక్కలు పెట్టి ఇచ్చింది. పెట్టినవి పెట్టినట్టే తిరిగొచ్చాయి. అంటే పుస్తకం తెరవనైనా తెరవలేదు!

ఆమె దృష్టిలో అంతకన్నా నేరం లేదు. పుస్తకం చదివి నచ్చలేదని గిరాటేసేవాణ్ణి క్షమిస్తుంది. కాఫీ ఒలకబోసినవాణ్ణి తిట్టి క్షమిస్తుంది. తెరవకుండా తూచి పట్టుకుపోయేవాణ్ణి ఏమనాలి?

"మనిషికి రెండు పుస్తకాలే, మాష్టారూ. కొత్త నియమం" అంది నాలుగో వారం.

"మంచిదమ్మా" అని రెండే తీసుకున్నారు. అయిదో వారం మూడు కార్డులతో వచ్చారు. ఆయనదొకటి, భార్యదొకటి, గేటు కాపలాదారుదొకటి.

"కాపలాదారుకి ఖనిజశాస్త్రం కావాలన్నాడా?"

"వాడు చిక్కిపోయాడమ్మా. బరువైనదేదైనా దగ్గరుంటే ధైర్యం" అన్నారు మాష్టారు, కళ్లలోకి చూడకుండా.

డ్రైవర్ బాబాయికి మాత్రం ఇదంతా వినోదం. "పోనీవమ్మాయ్, కొండగాలికి వస్తున్నారేమో. ఉత్త చేతులతో వస్తే బావుండదని పుస్తకాలు."

"కొండగాలికి త్రాసెందుకు బాబాయ్?"

ఎనిమిదో గురువారం వాన. సన్నగా, వదలకుండా పడుతోంది. ఏడు మజిలీల్లోనూ జనం ఎగబడి నవలలు తీసుకున్నారు. వానరోజు మరి. కింది అరలు బోసిపోయాయి. మాష్టారు గొడుగు కింద, మూడు కార్డులూ తడవకుండా గుండెకి ఆనించుకుని నిలబడి ఉన్నారు.

"ఇవ్వనండీ" అంది లైబ్రేరియన్. ఇన్ని వారాల కోపం బయటపడింది. "చదవనివాళ్లకి ఇవ్వను. ఒక్క పేజీ తిప్పారా? నిజం చెప్పండి."

మాష్టారు కాసేపు ఆలోచించారు. "అట్ట చూశానమ్మా."

"అట్ట!"

"ఇవ్వవన్నమాట."

"ఇవ్వను."

"సరే." ఆయన గొడుగు మూసి, ఖాళీ సంచి చంకన పెట్టుకుని, వెనక తలుపులోంచి బండెక్కారు. ఎక్కి, ముందు సీటు ఖాళీగా ఉన్నా చూడకుండా, అరల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "అయితే ఈపూట మీతోనే వస్తాను. ఎనభైరెండు కిలోలుంటాను. సరిపోవచ్చు."

దేనికి సరిపోవాలో లైబ్రేరియన్ అడగలేదు. కేబిన్‌లో డ్రైవర్ బాబాయి పక్కన బిగుసుకుని కూర్చుంది.

సగం దిగాక, ఎడంచేతి మలుపులో, ఏదో లారీ కుప్పగా ఒలకబోసిపోయిన కంకర. డ్రైవర్ బాబాయి పెద్దగా వేగంలో ఏం లేడు. కానీ తడి రోడ్డు. "ఓర్నీ" అని స్టీరింగ్ ఒక్కసారి తిప్పాడు. బండి తోక బయటికి జరిగింది. ఎత్తైన ఒళ్లు కుడిపక్కకి వాలింది. వెనక పైఅరలో పన్నెండు సంపుటాలూ ఒక్కపెట్టున జరిగి, అడ్డకమ్మీకి దబ్బున తగిలాయి. అప్పుడు జారుతున్న కారు బొమ్మ పసుపుగా మిణుకుమంది. ముందు కుడిచక్రం దగ్గర గర్రుమని చప్పుడైంది. ఎవరో పెద్దమనిషి చొక్కా పట్టుకుని వెనక్కి లాగినట్టు బండి తగ్గి, ముక్కు సరిచేసుకుని, నాలుగు చక్రాల మీదా నిమ్మళంగా నిలబడింది.

డ్రైవర్ బాబాయి హ్యాండ్ బ్రేకు లాగాడు.

"ఏమైంది?" అంది లైబ్రేరియన్.

"ఏమీ కాలేదు" అన్నారు మాష్టారు వెనకనుంచి. "ఏమీ కాకుండా చూడడమే కదమ్మా మా ఉద్యోగం."

డ్రైవర్ బాబాయి దీపం వైపు చాలాసేపు చూశాడు. "మాష్టారూ, ఆ పెట్టెకి నా తరఫున కాస్త చెప్పండి."

"ఏమని?"

"ఏదో ఒకటి, మర్యాదగా."

లైబ్రేరియన్ దిగి, వెనక తలుపు తీసింది. కింద అరలు ఖాళీ. పైన పన్నెండు సంపుటాలు, నిఘంటువులు, అట్లాసులు. మధ్యలో నేల మీద ఎనభైరెండు కిలోల మాష్టారు, ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని. ఆమె పైకి చూసింది. కిందికి చూసింది. చదువుకున్న మనిషి కాబట్టి అర్థం కావడానికి కాస్త ఆలస్యమైంది.

"సాయంత్రానికి నా బండికి నెత్తి బరువెక్కుతుంది" అంది మెల్లగా.

"నీ పాఠకులది తప్పు లేదమ్మా. చేతికందినవి పట్టుకుపోతారు. అందనివి మిగులుతాయి. ఎక్కేటప్పుడు పర్వాలేదు. దిగేటప్పుడే."

"నేను మళ్లీ మార్చేశానని మీకు..."

"మొదటి గురువారమే చూశాను."

"మరి అడగలేదేం?"

మాష్టారు ఇబ్బందిగా కదిలారు. "అడిగితే రాసుకోవాలి. రాస్తే కొండ దారి ఆగిపోతుంది. నవలల కోసం వానలో నిలబడ్డవాళ్లని చూశాను నేను. పుస్తకాలు అరువు తీసుకోవద్దని మాత్రం ఏ నియమంలోనూ లేదు."

"నాకైనా చెప్పొచ్చు కదండీ!"

"ఒకసారి మా ఇంట్లో వంటింటి డబ్బాలు బరువు ప్రకారం సర్దానమ్మా. మీ పిన్నిగారు నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ రోజు నా షెడ్డులో నీ మొహం కూడా అలాగే ఉంది. పోనీలే, ఆరు పుస్తకాలు మోస్తే పోయేదేముంది అనుకున్నాను." తప్పు ఒప్పుకుంటున్నట్టు, "నేను మోసింది చాలలేదు. పద్ధతిగా అయితే చెప్పి ఉండాల్సింది. ఆ సంగతి ఇవాళ తెలిసింది" అన్నారు.

బండి పక్కకి పెట్టించి, లైబ్రేరియన్ తన చేతులతోనే విజ్ఞాన సర్వస్వం కిందికి దింపింది. నిఘంటువులు, అట్లాసులు కూడా. ఖగోళశాస్త్రం వెళ్లి కుట్లూ అల్లికల పక్కన కూర్చుంది. ఆమె కళ్లు మూసుకోలేదు. కింది అరలు నిండాక మిగిలిన సంపుటాలని నేల మధ్యలో గోడలా పేర్చింది. గోడకి అటు, తలుపు పక్కన, మాష్టారు. ఇటు ఆమె, ఈసారి తనూ నేల మీదే. బండి మళ్లీ కదిలింది.

కొండ దిగి ఊళ్లోకి వస్తుండగా ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది. జీవితంలో అంత పొడుగ్గా ఎప్పుడూ మాట్లాడలేదు. పైఅరలో ఇకనుంచి కవిత్వమే ఉంటుందని చెప్పింది. అరల వరస మార్చి, కొత్త పట్టిక రాసి, మళ్లీ వేదిక ఎక్కిస్తానంది. కాగితపు ముక్కలు పెట్టినందుకు క్షమించమంది. కాపలాదారు కార్డు రద్దు చెయ్యనంది. సంపుటాల గోడకి అవతలనుంచి జవాబు లేదు. మొహమాటపడుతున్నారనుకుని ఇంకాస్త చెప్పింది. మీ అంతటి పాఠకుడు నాకింకొకరు లేరని కూడా అనేసి, తనే సిగ్గుపడింది.

"ఎవరితోనమ్మాయ్ మాట్లాడుతున్నావు?" అన్నాడు డ్రైవర్ బాబాయి ముందునుంచి. "ఆయన ఇందాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే దిగిపోయారు."

"దిగిపోయారా! నాకు చెప్పకుండానా?"

"నా కిటికీ దగ్గరికొస్తే, చెప్పలేదేమని నేనూ అడిగాను. చెబితే నువ్వు మర్యాదకి లేచి నిలబడతావట. బండిలో మనిషి నిలబడకూడదట."

లేవబోయిన లైబ్రేరియన్ మళ్లీ కింద కూర్చుంది.